రాసింది మహిమ

కాగితం చివర ఆ ఒక్క వరుసను మాత్రం ఎర్ర పెన్నుతో రాశాను. "ఈ కథ రాసింది మహిమ, ఇంటర్ మొదటి సంవత్సరం." దాని కింద రెండు గీతలు కూడా కొట్టాను. ప్రేమక్క మిగతాది ఎలా చదివినా సరే, ఆ వరుస మాత్రం మరిచిపోకూడదని.

ప్రేమక్క అంటే ప్రేమజ్యోతి, మా పెద్దనాయన కూతురు. నాకన్నా ఏడాది పెద్ద. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మంగంపేట గనుల దగ్గర ముగ్గురాయిని పొడి చేసే మిల్లు ఒకటుంది. మా నాయన దావీదురాజు, పెద్దనాయన నెహెమ్యా ఇద్దరూ అందులోనే పని చేస్తారు.

నాకు నలుగురిలో నోరు పెగలదు. పదో తరగతిలో తెలుగు సారు నా వ్యాసం బాగుందని, నన్నే చదవమని లేపి నిలబెట్టాడు. గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాను. ఇంటికొచ్చి ఆ రోజు జరిగిందంతా డైరీలో ఆరు పేజీలు రాశాను. చేతికి ఉన్న ధైర్యం నోటికి లేదు. అలాగని రాసింది ఎవరూ చదవకూడదని కాదు. చదవాలి, కానీ చదువుతున్నప్పుడు నన్ను చూడకూడదు. ఇలాంటి కోరిక ఎవరితో చెప్పుకుంటాం?

ప్రేమక్కతో చెప్పుకున్నాను. మా చర్చిలో ఏడాదికొక ఆదివారం ఆరాధన యవ్వనస్థులు నడిపిస్తారు. పాటలు పాడొచ్చు, సొంతంగా రాసింది ఏదైనా ఉంటే చదవొచ్చు అని ఈసారి పాస్టరుగారి భార్య రెజీనా అమ్మగారు ప్రకటించారు. ఆ సాయంత్రం ప్రేమక్క గోడ మీద మోచేతులు పెట్టుకుని నిలబడింది.

"నీకెందుకుమే భయం? నువ్వు రాయి, నేను చదువుతా. నీకు నోరు లేదు, నాకు చెయ్యి లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి."

"చివర్లో నా పేరు చెప్తావా అక్కా?"

"చెప్పకుండా యాడికి పోతా? మైకులో చెప్తా. నీ పేరు విని నువ్వే చాప కింద దూరుతావేమో, సూస్కో."

అరుగు మీద చింతకాయలు కొడుతున్న మా నాయనమ్మ, ఓబులమ్మ జేజి, తలెత్తకుండానే అంది. "దూరితే దూరనీలే. చాప మంచిదే ఉండాది."

ముగ్గురమూ నవ్వాము. నాలాంటివాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదనిపించింది. నా రాత ముందుకు పోయి నిలబడుతుంది, నేను వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంటాను. నా పేరు మాత్రం అందరి చెవుల్లో పడుతుంది.

ఏం రాయాలో ఆలోచించక్కరలేకపోయింది. నాలుగేళ్లుగా డైరీలో ఒక పేజీ మడిచి పెట్టి ఉంది.

ఏడో తరగతిలో లెక్కల పరీక్ష రోజు జామెట్రీ బాక్సు ఇంట్లో మరిచిపోయాను. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నాయన అది చూసి, మొహం కూడా కడుక్కోకుండా బడికి పరుగెత్తుకొచ్చాడు. తల, కనుబొమలు, చొక్కా అంతా ముగ్గురాయి పొడి. గేటు దగ్గర పిల్లలంతా నవ్వారు. నా పక్కనున్న అమ్మాయి "ఎవరుమే ఆ తెల్లాయన?" అంది. "ఎవరో, నాకు తెల్దు" అన్నాను. నాయన ఐదారు అడుగుల దూరంలోనే ఉన్నాడు. నా వైపు చూడలేదు. బడిలో అన్నం వండే ఈరక్క చేతికి బాక్సు ఇచ్చి "ఏడో తరగతి మహిమకియ్యక్కా. వాళ్ల నాయన పంపిచ్చినాడని చెప్పు" అన్నాడు. ఎవరి తరఫునో వచ్చిన మనిషిలా అన్నాడు.

ఆ తర్వాత నాయన ఎప్పుడూ పొడితో ఊళ్లోకి రాలేదు. మిల్లు దగ్గర తొట్టి నీళ్లతో కడుక్కుని, తల తుడుచుకుని వస్తాడు. ఆ మాట విన్నాడో లేదో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇదే రాశాను. కొంచెం మార్చాను. జామెట్రీ బాక్సును గొడుగు చేశాను, పరీక్షను వాన చేశాను. చర్చిలో నాయన కూడా కూర్చుంటాడు. బాక్సు అని రాస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది. గొడుగు అని రాస్తే, చివర్లో నా పేరు విన్నాక మెల్లగా తెలుస్తుంది. నాలుగేళ్లుగా నేను చెప్పలేని మాట, నేను నోరు తెరవకుండానే ఆయనకు చేరుతుంది. నాకు కావలసింది అదే.

ఆ ఆదివారం ప్రేమక్క తెల్ల చున్నీ కప్పుకుని మైకు ముందు నిలబడింది. "నేను ఏడో తరగతి చదివేటప్పుడు..." అని మొదలుపెట్టింది.

నేను ఒక తప్పు చేశాను. "కథ" అనే మాట పైన రాయలేదు, చివర ఎర్ర వరుసలోనే ఉంది. మా చర్చిలో ముందు నిలబడి ఎవరైనా "నేను" అన్నారంటే అది సాక్ష్యమే. దేవుడు తమకు చేసిన మేలో, తాము చేసిన తప్పో ఒప్పుకోవడం. కథ చదవడం అనేది అక్కడ ఎవరూ చూసి ఉండలేదు.

మూడో మాటకే ఆడవాళ్ల వరుసలో ఎవరో "స్తోత్రం" అన్నారు. తర్వాత ఇంకొకరు. ప్రేమక్క ఒక్క క్షణం ఆగింది. కాగితం నాలుగు మడతలు పెట్టి బైబిలులో పెట్టుకుంది. పదిసార్లు చదివిందేమో, అంతా నోటికి వచ్చేసింది. "ఎవరో, నాకు తెల్దు" దగ్గరికి వచ్చేసరికి దాని గొంతు నిజంగానే వణికింది. పెద్దనాయన తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. నేను నా పేరున్న ఎర్ర వరుస కోసం ఎదురుచూస్తున్నాను.

"మా నాయన ఈ పొద్దు ఈడనే కూర్చోనుండాడు. నాయనా, నన్ను క్షమించు" అంది ప్రేమక్క. ఆ మాట నా కాగితంలో లేదు.

అంతే. పాట మొదలైంది.

బయట చెట్టు కింద దాని చుట్టూ మనుషులు. అందరూ పోయేదాకా ఆగాను.

"నా పేరు చెప్పలేదేమక్కా?"

"ఎట్ల చెప్పేదిమే? ఒకపక్క అందరూ ఏడుస్తాండారు. అప్పుడు పోయి ఇది కథ, మా చెల్లెలు రాసింది అంటే? గుళ్లో అబద్ధం చెప్పినానంటారు."

"కథే కదా."

"నువ్వు గూడా అట్లంటే ఎట్ల? పెట్టెలో పెట్టుకోనుండేదాన్ని నేను బయటికి తెచ్చినా. నేను లేకుంటే ఎవరు వింటాండిరి దాన్ని?" నా భుజం తట్టింది. "మళ్లొకటి రాయి, దానికి చెప్తాలే పేరు."

నా కాగితం తిరిగివ్వమన్నాను. బైబిలులో వెతికింది. యాడనో పడిపోయిందంది.

రెజీనా అమ్మగారితో చెబుదామని బుధవారం వాళ్లింటికి పోయాను. దారి పొడుగునా మాటలు సర్దుకున్నాను. గుమ్మంలో నిలబడగానే ఒక్కటీ లేదు.

"రా మహిమా. మీ అక్క ఎంత బాగా సాక్ష్యం చెప్పిందో చూసినావా! రికార్డు చేసినది గ్రూపులో పెట్టినాం, రాయచోటి నుంచి ఫోన్ చేసినారు. అక్కడి యూత్ మీటింగులో చెప్పాలంట. నువ్వు కూడా ఆ మాదిరి ధైర్యం తెచ్చుకోవల్ల, తెలిసిందా?"

తల ఊపాను. మంచినీళ్లు ఇస్తే తాగి వచ్చేశాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

వారం తిరిగేసరికి ఆ రికార్డు అన్ని ఫోన్లలోకి వచ్చింది. కొళాయి దగ్గర, అంగడి దగ్గర నా వాక్యాలు ప్రేమక్క గొంతుతో వినిపించేవి. "ఆయన కనురెప్పల మీద కూడా పొడి ఉంది. ఏడ్చినా తడవదేమో అనుకున్నాను." ఆ వాక్యం కోసం మూడు రోజులు కొట్టేసి రాశాను. సోదరి ప్రేమజ్యోతి సాక్ష్యం అని ఉంది దాని పైన.

పెద్దనాయన కూడా మారిపోయాడు. అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకంతా చెప్పేవాడు. "ఔనప్పా, బాగా గుర్తుండాది. ఆ పొద్దు వాన దంచుతాండాది. పాప తడుస్తాదని గొడుగు తీసుకోని పోయినా."

"యాడి వానరా నెహెమ్యా?" అంది జేజి. "ఆ ఏడు తాగేదానికే నీళ్లు లేవు. ట్యాంకరు కోసం కొట్టుకు సస్తిమి."

"నీకు తెల్దులేమ్మా. ఒక వాన పడింది."

"పడింటే నా నెత్తిన గూడా పడల్ల గదా!"

నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం నాయన తలకు నూనె రాసుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. తర్వాత, గోడ అవతలికి వినపడకుండా అన్నాడు.

"మీ పెద్దనాయన అదృష్టవంతుడుమ్మా. బిడ్డ అంతమందిలో ఒప్పుకునింది."

నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

"అట్లాటివి అందరికీ జరుగుతాయిలే" అన్నాడు మళ్లీ. "అందరూ చెప్పరు."

అప్పుడు తెలిసింది, బడి గేటు దగ్గర ఆ రోజు నా మాట ఆయన విన్నాడని. ప్రేమక్క తీసుకుపోయింది నా పేరు ఒక్కటే అనుకుంటూ ఉన్నాను అప్పటిదాకా. నాయన కోసం దాచిన మాటను పెద్దనాయనకు ఇచ్చేసింది. ఇప్పుడు నేను వెళ్లి "నాయనా, నన్ను క్షమించు" అంటే, అక్కను చూసి నేర్చుకుందనుకుంటాడు.

చిన్నప్పటి ట్రంకుపెట్టె తీశాను. అడుగున జామెట్రీ బాక్సు ఉంది. మూత మీద నాయన బొటనవేలి గుర్తు, తెల్లగా. ఆ రోజు నుంచి నేను దాన్ని తుడవలేదు, వాడనూ లేదు. అమ్మ కొత్తది కొనిచ్చింది.

మళ్లీ రాశాను. ఈసారి వాన లేదు, గొడుగు లేదు. లెక్కల పరీక్ష, ఈరక్క, "వాళ్ల నాయన పంపిచ్చినాడని చెప్పు" అన్న మాట, మూత మీద గుర్తు. పైన ఏ పేరూ పెట్టలేదు. చివర ఎర్ర పెన్నుతో నా పేరు రాశాను.

చేతికివ్వడానికి ధైర్యం చాలలేదు. ఎదురుగా నిలబడి ఆయన మొహం చూడలేను. పొద్దున అమ్మ క్యారియరు సర్దుతున్నప్పుడు నేను సర్దుతానని తీసుకున్నాను. కింది గిన్నెలో సంగటి, మధ్యలో పప్పు. పై గిన్నె ఎప్పుడూ ఖాళీగానే పోతుంది, గిన్నెలు కదలకుండా ఉండడానికి. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో పెట్టి మూత వేశాను. ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను. తిరిగి పిలవాలని నాలుగుసార్లు అనిపించింది.

ఆ రోజు కాలేజీలో ఏం చెప్పారో నాకు తెలియదు.

సాయంత్రం సైకిలు చప్పుడుకు బయటికి వచ్చాను. నాయన పొడితోనే వచ్చాడు. తల, కనుబొమలు, చొక్కా. వీధిలో అందరూ చూస్తుండగా సైకిలు నిలిపి, నేరుగా వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. నా బట్టల మీద కూడా పొడి పడింది. తుడుచుకోలేదు నేను.

క్యారియరు విప్పి కాగితం తీసి నా చేతికిచ్చాడు. నిండా తెల్లటి వేలి గుర్తులు. ఒకరివి కాదు.

"అన్నం కాడ మా షిఫ్టోళ్లు ఏందది అన్నారు. చదివి వినిపిచ్చినా. కేశవ అయితే మళ్లీ గుంజుకోని సొంతంగా చదువుకున్యాడు. వాని కూతురు గూడా హైస్కూల్లో ఉండాది గదా." కాగితం చివర వేలు పెట్టి చూపించాడు. "చివర ఎర్రగా రాసినావే, ఆ వరస గూడా చదివినా."

కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని అడిగాను. "పెద్దనాయన గూడా ఉన్న్యాడా నాయనా?"

"ఉన్న్యాడు."

"ఏమన్న్యాడు?"

"ఏమీ అన్లేదు. అన్నం సగంలో లేసిపోయినాడు."

రెండు రోజులు గోడ అవతల రికార్డు వినిపించలేదు. ప్రేమక్క నన్ను చూసి మొహం తిప్పుకుంది, నేనే దానికి ద్రోహం చేసినట్టు. రాయచోటి మీటింగుకు మాత్రం పోయింది. బస్సెక్కేటప్పుడు తెల్ల చున్నీ ఇస్త్రీ చేసి ఉంది. ఆపాలంటే నేను అందరి ముందు నోరు తెరవాలి. అది తెలిసే ధైర్యంగా ఎక్కింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పెద్దనాయన మా వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

"పాపా, నువ్వు రాసింది బాగుండాది."

కాలితో నేల గీశాను.

"ఒక మాట అడుగుతా, చెప్పు." ఆయన గొంతు చాలా తగ్గింది. "ఆ గొడుగు... మా ప్రేమ కోసం నేను ఎప్పుడూ తీసుకోని పోలేదా? నాకు పోయినట్లే ఉండాది."

"లేదు పెద్దనాయనా" అనాలి. అది నేను కల్పించిన గొడుగు. నేను నోరు తెరిచాను. మొదటిసారి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కళ్లు చూసి నోరు మూసేశాను.