తగ్గిందనుకున్న తట్టు

దర్జీ దుకాణంలో సూదుల్లో దారం ఎక్కించే పని తొమ్మిదేళ్ల కూతురిది. తండ్రికి చత్వారం. "బొంగరం, ఇటు రా!" అంటే చాలు, ఎక్కడున్నా పరుగున వచ్చి ఎక్కించి ఇచ్చేది. కుదురుగా ఉండదని ఇంట్లో పెట్టిన పేరది.

ఒక ఉదయం సూది ఆమె చేతిలోంచి జారింది. వెతికి తీసింది. మళ్లీ జారింది. కొన్ని క్షణాలకోసారి పిల్ల మెడ, భుజం, చెయ్యి ఒక్కసారిగా అదిరిపడటం తండ్రి గమనించాడు.

"ఏంటే ఆ కుప్పిగంతులు?"

"నేను కాదు నాన్నా. దానంతటదే అవుతోంది."

వారం తిరిగేసరికి పిల్ల అక్షరాలు గీతలు దాటి కిందికి జారాయి. కత్తెర అనే మాట గుర్తురాక రెండు వేళ్లు ఆడించి చూపింది. తల దువ్వుతుంటే అదురు, అన్నం తింటుంటే అదురు, లెక్కపెట్టినట్టు ఒకే వ్యవధిలో. ఒక సాయంత్రం సొంత గడప ముందు ఆగి, "ఈ ఇల్లెవరిది నాన్నా?" అని అడిగింది.

"దీని లోపల ఎవరో కూర్చున్నారురా," అంది నాయనమ్మ వణుకుతూ.

"నోర్ముయ్యమ్మా!" అని కసిరాడు గానీ, కూతురి కళ్లలోకి చూస్తే అతనికీ ఒళ్లు జలదరించింది.

పెద్దాసుపత్రిలో పిల్ల తలకు తీగలు అంటించారు. కాగితం మీద గీతలు ఒకే దూరంలో ఎగిరెగిరి పడ్డాయి. వాటిని చూసి డాక్టరమ్మ దర్జీ వైపు తిరిగింది.

"చిన్నప్పుడు తట్టు పోసిందా?"

"పద్నాలుగో నెలలోనండీ. వారంలో తగ్గిపోయింది. మచ్చ కూడా మిగల్లేదు."

"అంతకుముందు తట్టు టీకా వేయించారా?"

"లేదండీ," అన్నాడు దర్జీ. పాపకు తొమ్మిదో నెలలో టీకా వేయడానికి నర్సమ్మ గుమ్మం దాకా వచ్చింది. టీకా వేస్తే పిల్లలు మందబుద్ధులవుతారని ఎవరో చెప్పిన మాట నమ్మి, "పాప ఊళ్లో లేదమ్మా" అని అబద్ధమాడాడు. లోపలి గదిలో కిలకిల నవ్వుతున్న పాప నోటికి భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒంటి మీద తగ్గింది. లోపల మిగిలింది," అంది డాక్టరమ్మ.

"ఏం మిగిలిందండీ? పురుగా?"

"పురుగైతే తింటుంది, ఊపిరి పీలుస్తుంది. ఇది వైరస్, దానికి అవేవీ లేవు. తనని ఎలా తయారుచెయ్యాలో రాసి ఉన్న ఒక సన్నటి పోగు, చుట్టూ ప్రోటీన్ తొడుగు. తట్టు వైరస్‌కైతే పైన కొవ్వు పొర కూడా ఉంటుంది. బయట అది ఉలుకూ పలుకూ లేని నలుసు. కణంలోకి దూరిందంటే, ఆ కణం చేతే తన నకళ్లు చేయించుకుంటుంది. ఎవడో మీ దుకాణంలో దూరి, మీ మిషన్ మీద, మీ గుడ్డతో, మీ చేతే తన బట్టలు కుట్టించుకున్నట్టు. వీటిలో చాలా కుటుంబాలున్నాయి. ఫ్లూ వైరస్ మాటిమాటికీ వేషం మారుస్తుంది. ఆటలమ్మది ఏళ్ల తరబడి నరాల్లో నిద్రపోతుంది. తట్టు, గవదబిళ్లలు మరో కుటుంబం. తట్టు మామూలుగా వచ్చి పోతుంది. ఎప్పుడో అరుదుగా, ముఖ్యంగా రెండేళ్ల లోపు వస్తే, మెదడులో ఉండిపోయి ఒక కణం నుంచి పక్క కణానికి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పాకుతూ మెదడును పాడుచేస్తుంది."

అంటే పిల్ల తన భుజాలెక్కి ఊరేగిన రోజుల్లోనూ, పాటలు పాడిన రోజుల్లోనూ అది లోపలే ఉంది. దర్జీ కుర్చీ అంచుకు జరిగాడు.

"మందు?"

"కొంత నెమ్మదింపజేసేవి ఉన్నాయి. నయం చేసేది లేదు."

పక్క మంచం మీద పిల్ల ఖాళీ గోడను చూసి నవ్వుతోంది.

ఏడాదిలో ఆమెకు మాట పోయింది, చూపు పోయింది. చివరికి ఆ అదురూ, ఊపిరీ కూడా ఆగిపోయాయి.

ఇప్పుడు టీకాల రోజున దర్జీ దుకాణం మూసి ఆరోగ్య కేంద్రం దగ్గర కూర్చుంటాడు. మొన్న ఒక తల్లి పసివాణ్ణి ఎత్తుకుని వరసలోంచి వెనక్కి తిరిగింది.

"జ్వరమొస్తుందంట బాబాయ్. ఇంకోసారి చూద్దాంలే."

దర్జీ లేచి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"వస్తే ఒకట్రెండు రోజులుండి పోతుందమ్మా. ఎవరో అన్న మాటకి భయపడి నా కూతుర్ని గదిలో దాచాను. నర్సమ్మకి కనపడలేదు గానీ తట్టుకి కనపడింది. బిడ్డను కాపాడుకోవాలంటే వేళకి టీకా వేయించు తల్లీ, నాలాగా దాచి పోగొట్టుకోకు."