పూజలోంచి లేచిన కటింగ్ ప్లేయర్

చింతాద్రిపేటలో దమయంతమ్మ ఇంట్లో ఆయుధపూజ నాడు కత్తిపీట కూడా కూర తరగదు. రుబ్బురోలు, కుట్టుమిషను అన్నీ గంధం, కుంకుమ పెట్టించుకుని కూర్చోవలసిందే.

ఆ పొద్దున మనవరాలు చిన్మయి కంప్యూటరు మాత్రం గుర్రుమంటూనే ఉంది. ఒకే ఇంట్లో నాలుగు పోర్షన్లు వేసినట్టు, ఒకే కంప్యూటరులో నాలుగు కంప్యూటర్లను కాపురం పెట్టించే సాఫ్ట్‌వేరేదో ఎక్కించిందట. పోర్షనుకో పొయ్యి ఉన్నట్టు, లోపలికొచ్చే ఒక్కోదానికీ దాన్ని నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్ అని ఒకటి కావాలట. దాన్ని తయారుగా తెచ్చుకోకుండా మొదటి నుంచీ తానే కట్టిస్తోంది. మధ్యాహ్నానికి గాని అవదని, ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి స్నానానికి వెళ్ళింది.

దమయంతమ్మకు మనసొప్పలేదు. తాను కాపురానికొచ్చిన ఏడాది, ఈ రోజున మామగారు సైకిలెక్కకుండా మౌంట్ రోడ్డు దాకా నడిచిపోయిన సంగతి ఆమెకింకా నిన్నటిలాగే ఉంది. పనిముట్టుకు ఒక్కరోజైనా ఊపిరాడవద్దా అనుకుని గోడ స్విచ్చి ఆపేసి, కంప్యూటరుకు బొట్టు పెట్టింది. స్నానాలగది తలుపు చప్పుడైతే ఎందుకో భయమేసి స్విచ్చి మళ్ళీ వేసింది. తెర మాత్రం వెలగలేదు.

అది పండగైనా సరే రేపు ఆఫీసులో చూపించాల్సిన పనట. చిన్మయి మొహం పాలిపోవడం చూశాక దమయంతమ్మకు నిజం నోటి దాకా రాలేదు. కరెంటు ఒక్క నిమిషం పోయొచ్చిందని అనేసింది.

చిన్మయి తిన్నగా ముందు పోర్షన్‌లో ఉండే ఎలక్ట్రీషియన్ సెల్వం దగ్గరికి పోయింది. నిన్న ఫ్యూజు మార్చింది అతనే. సరిగ్గా బిగించలేదని దులిపేసింది. సెల్వం తన ఇంట్లో పటం ముందు గంధం పూసుకుని కూర్చున్న కటింగ్ ప్లేయర్‌ను కళ్ళకద్దుకుని తీసుకుని, మీటరు పెట్టె తెరిచాడు.

ప్లేయర్ మీది కుంకుమ అతని బొటనవేలికి అంటుకోవడం దమయంతమ్మ గుమ్మంలోంచి చూసింది. యంత్రానికి సెలవివ్వబోయి మనిషి చేత పూజ చెడగొట్టించింది. తల కొట్టేసినట్టయింది.

"సెల్వం, దాన్ని ఆడ పెట్టెయ్ నాయనా. కరెంటు పోలా. నేనే ఆపినా. పోయిందని అబద్ధం చెప్పిందీ నేనే."

చిన్మయి మొహం ఎర్రబడింది.

"నాతో చెప్పుంటే నేనే పద్ధతిగా ఆపుండేదాన్ని కదవ్వా. అయినంతవరకు అట్నే ఉంటది, మిగిలింది రేపు తెల్లారి కట్టుకునేదాన్ని. ఈ అన్నను ఎందుకు అనిపించినావు నా చేత?"

సెల్వం ప్లేయర్‌ను తుండుతో తుడిచి దమయంతమ్మ ముందు పట్టాడు.

"పరవాలేదు పెరియమ్మా. బొట్టు మళ్ళా మీరే పెట్టండి."

అతను కసిరి ఉంటే ఆమెకు తేలికయ్యేది. అరవై ఏళ్ళుగా పనిముట్లకు బొట్లు పెట్టిన చెయ్యి, కుంకుమ గిన్నె దాకా పోయి ఆగిపోయింది. దమయంతమ్మ లోపలికెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చి, అతని మొహం చూడకుండానే బొట్టు పెట్టింది.