అరవై ఒకటో సెషన్

ఆసుపత్రిలో అందరూ ఆమెను టేబులమ్మ అంటారు. రోగుల వివరాలన్నీ డేటాబేస్‌లో టేబుళ్లుగా ఉంటాయి, వాటికి కాపలా ఆమె. చేరిన కొత్తలో క్యాంటీన్ ఆయన, కాళ్లు ఊగుతున్న భోజనాల బల్ల గురించి ఆమె దగ్గరికే వచ్చి మొర పెట్టుకున్నాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఆ రోజు పొద్దున తొమ్మిదింబావుకి మూడో అంతస్తు నుంచి పెద్ద సిస్టర్ ఫోన్ చేసింది. ఆవిడ మాట్లాడితే పక్క వార్డుకి కూడా వినబడుతుంది. ఆ పూట మాత్రం గొంతు పీలగా వచ్చింది.

"టేబులమ్మా, ఏడో బెడ్డాయనకి ఈ ఇంజెక్షన్ పడదని నిన్న నేనే నా చేత్తో కంప్యూటర్లో ఎక్కించాను. ఇవాళ చూస్తే స్క్రీన్ మీద ఆ ముక్కే లేదు. సూది వెయ్యబోతుంటే ఆయన చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది. లేకపోతే ఏమయ్యేదో!"

టేబులమ్మ టీ కప్పు పక్కన పెట్టి, పడని మందుల టేబుల్ తెరిచింది. ఏడో బెడ్డు ఒక్కటే కాదు. పదకొండు, పదహారు, పిల్లల వార్డులో నాలుగు. వరుసలకి వరుసలు లేవు. ఏ వివరం ఎవరు చెరిపినా, పాత ముక్కతో సహా రాసిపెట్టుకునే పట్టిక ఇంకొకటుంది. దాన్ని తెరిచింది. రెండు వందల పన్నెండు వరుసలు పోయాయి. చూస్తుండగానే రెండు వందల పంతొమ్మిది అయ్యాయి.

చెరిపిందెవరు అన్న చోట, పైనుంచి కిందదాకా ఆమె పేరే ఉంది.

సిస్టర్ ఫోన్ వచ్చేదాకా తను ఒక్క మీట కూడా నొక్కలేదు.

ఇంతలో తలుపు తోసుకుని సూపరింటెండెంట్ వచ్చాడు. పెద్ద సిస్టర్ ఆయనకీ ఫోన్ చేసిందన్నమాట. వెనకే సెక్యూరిటీ ఆఫీసరు. సూపరింటెండెంట్ కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగాడు. ఆమె పేరు చదివాడు. మళ్లీ చదివాడు.

"అమ్మా, కీబోర్డు మీంచి చేతులు తీసెయ్యండి," అన్నాడు.

"తీసేస్తే దాన్ని ఆపేదెవరండీ? అదింకా నడుస్తోంది. మీరు నా పక్కనే కూర్చోండి. ప్రతి అక్షరం మీ కళ్ల ముందే కొడతాను."

ఆయన సెక్యూరిటీ ఆఫీసరు వైపు చూశాడు. ఆయనేమో తలుపు వైపు చూశాడు. చివరికి సూపరింటెండెంట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ముందు, ఈ సెషన్‌లో నేనెవరినో దాన్ని అడుగుతున్నాను."

"మీరెవరో మీకు తెలీదా?"

"నాకు తెలుసండీ. దానికేం తెలుసో మీరు చూడాలి."

లోపలికి వచ్చిన ప్రతివాళ్లకీ బయటికి వెళ్లేదాకా డేటాబేస్ ఒక సెషన్ ఇస్తుంది. దానికో నంబరు. ఏ పేరుతో వచ్చారు, ఏ మెషిన్ నుంచి, ఏ ప్రోగ్రాంతో, ఎన్నింటికి, అన్నీ రాసుకుంటుంది. ఆమె అడిగింది, జవాబు వచ్చింది. ఆమె పేరు, సెషన్ ఎనభై ఎనిమిది, ఈ గదిలో మెషిన్, తొమ్మిదీ పదహారు.

"చూశారా? నేను లోపలికొచ్చిందే సిస్టర్ ఫోన్ తర్వాత. మొదటి వరుస పోయింది ఎనిమిదీ యాభై ఏడుకి."

ఆమె తన పేరుతో ఇంకా ఎన్ని సెషన్లు తెరిచి ఉన్నాయని అడిగింది. రెండు వరుసలు వచ్చాయి. ఒకటి తనది. రెండోది అరవై ఒకటో సెషన్. ఎనిమిదీ యాభై రెండుకి మొదలైంది. మెషిన్: మందుల గది, రెండో కౌంటరు.

మందుల గదిలో రెండో కౌంటరు ఆమె వదినది.

ఎనిమిది నెలల కిందటి మధ్యాహ్నం ఒకటి కళ్ల ముందు తిరిగింది. వదిన లాగిన్ బిగుసుకుపోయింది, కౌంటరు ముందు జనం కిటకిటలాడుతున్నారు. "ఈ ఒక్క పూటకి నీది ఇవ్వవే తల్లీ, చచ్చి నీ కడుపున పుడతాను," అంది వదిన. ఈమె ఓ చీటీ మీద పాస్‌వర్డ్ రాసిచ్చింది. ఆ తర్వాత మార్చలేదు. రేపు మారుద్దాంలే అనుకుంటూనే ఎనిమిది నెలలు గడిపేసింది.

పోయిన వరుసలు రెండు వందల ముప్పై ఒకటి.

సెషన్‌ని తెంపెయ్యడం ఒక్క వాక్యం పని. తెంపగానే అరవై ఒకటో వరుస తెర మీంచి మాయమైపోతుంది. చెరిపినవి రాసుకునే పట్టికలో పేరు తప్ప మెషిన్ సంగతి ఉండదు. ఏదో వైరస్ అంటే, పక్కనున్న పెద్దమనిషి నమ్ముతాడు. రెండో వరుసలో ఉన్నదేమిటో ఆయనకింకా బోధపడలేదు. ఆమె వేలు మీట మీద ఆగింది. ఒక్క క్షణమే. ఆ క్షణం తను ఆలోచించిందని ఆమె తర్వాత ఎప్పుడూ కాదనుకోలేదు.

ఆ వరుసని యథాతథంగా ఒక ఫైల్లోకి దింపి, ప్రింటు కొట్టి, కాగితం సూపరింటెండెంట్ చేతిలో పెట్టింది. అప్పుడు తెంపింది.

అంకె రెండు వందల ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

"అది మా వదిన కౌంటరండీ. నా పాస్‌వర్డ్ ఆవిడకి ఇచ్చింది నేనే. ఆ సంగతి తర్వాత తేల్చుకోండి. పోయినవన్నీ తిరిగి పెట్టడానికి నాకు పావుగంట కావాలి. అప్పటిదాకా ఏ వార్డులోనూ స్క్రీన్ చూసి మందు ఇవ్వకూడదు. మైకులో చెప్పండి."

"మైకులోనా? ఆసుపత్రంతా గగ్గోలైపోదూ!"

"కానివ్వండి సార్."

ఆయన చేతిలో కాగితం వంక చూశాడు, లేచాడు. నిమిషంలో మైకు గరగరలాడింది. ఆయన గొంతు అంతస్తులన్నిటిలోనూ వినిపించింది.

ఈలోగా ఆమె మందుల గదికి ఫోన్ చేసి, ఏం చేశావు వదినా అని అడిగింది.

"ఏం చేశాను? అవే మందులు కొత్త పేర్లతో వచ్చాయి, పాత పేర్లు తీసెయ్యమని ఆర్డరు. నా పేరుతో తీస్తే ఒప్పుకోవట్లేదు. నీ పేరుతో వెళ్లాను. ఇంతలో అదేదో తెగిపోయింది. ఏమైందే?"

ఒప్పుకోకపోవడం ఎందుకో టేబులమ్మకి తెలుసు. పాత పేరు తీస్తే, ఆ పేరు మీద ఆధారపడిన పడని మందుల వరుసలూ దాంతో పాటే కొట్టుకుపోతాయి. అందుకే వదినకి ఆ హక్కు ఇవ్వలేదు. తనకుంది.

"దేన్నీ ముట్టుకోకు. కుర్చీలోంచి లేచి నిలబడు," అని పెట్టేసింది.

పాత ముక్కలన్నీ పట్టికలో భద్రంగానే ఉన్నాయి. ముందు మందుల పేర్లు, తర్వాత వరుసలు. సెక్యూరిటీ ఆఫీసరు ఆమె భుజం మీంచి చూస్తున్నాడు. నూట నలభై వరుసలు చోటు చేరేసరికి ఫోన్ మోగింది. పిల్లల వార్డు. ఐదేళ్ల పాపకి మైకు మోగకముందే పడని ఇంజెక్షన్ ఇచ్చేశారు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచాయి.

"ఊపిరి ఆడుతోందా?"

"డాక్టరు గారు పక్కనే ఉన్నారు. విరుగుడు సూది వేశారు. చూడాలి."

ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే పని చేసింది. అవతల పాప ఏడుపు వినిపిస్తోంది. ఏడుస్తోంది కాబట్టి ఊపిరి ఆడుతోందని తనకి తానే చెప్పుకుంది. నూట తొంభై. రెండు వందల ఇరవై. తొమ్మిదీ యాభై మూడుకి ఆఖరి వరుస చోటు చేరింది. అప్పటికి ఫోన్‌లో డాక్టరు, "వాపు తగ్గుతోంది, ఇక భయం లేదు," అన్నాడు. ఆమె తల బల్ల మీద ఆనించి, కాసేపు ఎత్తలేదు.

మధ్యాహ్నానికి ఆర్డరు వచ్చేసింది. ఆమెకి నెల రోజులు సస్పెన్షన్, వదినకి మెమో. వదిన మెట్లెక్కి వచ్చింది, మొహం కందగడ్డలా ఉంది.

"ఇంటిమనిషివి అయ్యుండి నన్ను వాళ్ల ముందు నిలబెట్టావా? మీ అన్నయ్యకి ఏం చెప్పమంటావు?"

"నేను నీకంటే ముందే నిలబడ్డాను వదినా. అన్నయ్యకి అదే చెప్పు."

వదిన ఇంకేదో అనబోయింది, పాప సంగతి గుర్తొచ్చి కాబోలు, కళ్లు తుడుచుకుంటూ దిగిపోయింది.

టేబులమ్మ బ్యాగు సర్దుకుని, ఇంటికి పోకుండా పిల్లల వార్డుకి వెళ్లింది. పాప తల్లి మంచం పక్కన కూర్చుని ఉంది. తనెవరో, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తల్లి లేచి నిలబడి తిట్టింది. వార్డంతా వినేలా, ఏడుస్తూ, పొద్దుటి భయమంతా కక్కేసేలా తిట్టింది. టేబులమ్మ తల వంచుకుని నిలబడింది. వార్డు డాక్టరు వచ్చి సర్దిచెప్పబోతే వద్దని చేత్తో వారించింది.

తిట్టి తిట్టి ఆవిడ గొంతు బొంగురుపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఫోన్ తీసుకుంది.

"మా ఆయనకి ఇంకా తెలీదు, చెప్పొస్తాను. అది గోక్కుంటోంది. గోక్కోకుండా చూడు."

టేబులమ్మ కూర్చుంది. నిద్రలోనే చెయ్యి మెడ దాకా తెచ్చుకుంటున్న పాప వేళ్లని, తన రెండు అరచేతుల మధ్య మెల్లిగా పట్టుకుంది.