ఊపిరి ఆగే చోటు

మా ఆయన పోయాక ఆయన స్థానం కోసం కొట్లాట జరుగుతుందని తెలుసు. అది ఆయన ఉబ్బసం మీద జరుగుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఆయన సూఫీ గురువు. కళ్ళద్దాల దుకాణం పైనున్న అద్దె హాల్లో ప్రతి ఆదివారం జిక్ర్ చేయించేవారు. అంటే అందరూ కళ్ళు మూసుకుని, ఒకే గొంతుగా దేవుడి పేరు మళ్ళీ మళ్ళీ పలకడం. హాలు నిండా శిష్యులు, గోడమీది తెరలో వీడియో కాల్‌లో గళ్ళు గళ్ళుగా పరాయి ఊళ్ళవాళ్ళు. ఊపందుకోగానే ఆయనకు ఊపిరి అందేది కాదు. టక్కున ఆగి నావైపు చెయ్యి చాపేవారు. సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి ఆ చేతిలో పెట్టేదాన్ని. "స్స్" మని ఒక్కసారి పీల్చి, నన్ను చూసి కన్నుకొట్టి, మళ్ళీ అందుకునేవారు. ఆ కాసేపూ అంత హాల్లో కళ్ళు తెరిచి ఉండేది మేమిద్దరమే. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన నన్ను అలా చూడలేదు.

జబ్బు సంగతి బయటికి చెప్పనిచ్చేవారు కాదు. తెలిస్తే జిక్ర్ మాన్పించి మంచాన పడుకోబెడతారని భయం. దాంతో శిష్యులు ఆ ఆగడం ఏదో గొప్ప సాధన అనుకున్నారు. కొన్నాళ్ళకు వాళ్ళూ ఆగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత "స్స్" మనడం కూడా. హాలంతా ఒక్కసారిగా బుసకొడుతుంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

"చెప్పెయ్యండి, పాపం" అంటే, "ఆగి ఊపిరి పీల్చుకుంటే వాళ్ళ సొమ్మేం పోయింది?" అనేవారు.

చివరికి ఆయన్ను ఆసుపత్రి పాలుచేసింది గుండె. ఆ మంచం మీదే, అందరూ చూస్తుండగా, తన శాలువా తీసి పళ్ళ డాక్టరు భుజాన కప్పారు. ఇకమీదట జిక్ర్ నడిపేది అతనేనని దాని అర్థం. నోట్లో నాలుక లేని మనిషి, కానీ మనసు మంచిది. ట్రస్టు వ్యవహారాలు చూసే మా బావగారి కొడుక్కి ఇది మింగుడు పడలేదు. పెద్దరికం ఇంటి గడప దాటిందని వాడి కడుపుమంట. తప్పు పట్టడానికి వాడికి ఆ ఆగడం దొరికింది. ఆయన పోయాక జిక్ర్ నడుపుతూ డాక్టరూ ఆగుతున్నాడు గానీ ఓసారి ముందు, ఓసారి వెనక. ఆగాక మళ్ళీ ఎప్పుడు అందుకోవాలో తెలియక తడబడుతున్నాడు. మావాడు పాత రికార్డింగులు వినిపించి, "చూశారా, అసలు రహస్యం ఇతనికి అందనేలేదు" అంటున్నాడు. సగంమంది వాడివైపే మొగ్గారు.

ఒకరోజు పొద్దున్నే డాక్టరు క్లినిక్‌కి వెళ్తూ మా ఇంటికి వచ్చాడు. మడతపెట్టిన శాలువా బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండమ్మా. ఆయన నాకా ఆగడం రహస్యం చెప్పలేదంటే, నేను తగననేగా?"

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆదివారం దాకా నీ దగ్గరే ఉండనియ్యి నాయనా" అన్నాను.

చెప్తే ఏం పోతుంది? ఆ ఆగడం పోతుంది. ఆయన పోయాక కూడా వారానికోసారి హాలంతా ఆగేది. ఆ కాసేపూ ఆయన అక్కడే ఉండి నావైపు చెయ్యి చాపినట్టే ఉండేది. నేను హాలుకు వెళ్తున్నది దేవుడి కోసం కాదు, దానికోసమే. ఎవరేమనుకున్నా సరే. ఇన్‌హేలర్ ఇంకా సంచిలోనే ఉంది.

ఆదివారం జిక్ర్ మొదలవకముందే మావాడు లేచి నిలబడ్డాడు.

"పిన్నీ, ఇంటి మనిషివి, నువ్వే చెప్పు. బాబాయి ఆ సాధన ఇతనికి నేర్పాడా, లేదా?"

డాక్టరు చెయ్యి అప్పటికే శాలువా మీదికి వెళ్ళింది, తీసెయ్యడానికి. ఆయన స్వయంగా కప్పిన శాలువా అది.

"సాధనా లేదు, గాడిదగుడ్డూ లేదు" అన్నాను. ఇన్‌హేలర్ తీసి పైకెత్తాను. "మీ బాబాయికి ఉబ్బసం. ఇన్నాళ్ళూ మీరంతా కలిసి బుసకొట్టింది దీన్ని చూసి... కాదు, చూడక!"

తెరలో ఎవరో ముసలావిడ కిసుక్కుమంది. హాలంతా నవ్వేసింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు మావాడు మొహం మాడ్చుకుని.

"నాకు కావాలి గనక" అన్నాను. వాడికేం అర్థమైందో గానీ, నా మొహం చూసి కూర్చున్నాడు.

డాక్టరు శాలువా సర్దుకుని మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకుని అందుకున్నారు. ఊపు పెరిగింది. ఆ చోటు వచ్చింది. ఎవరూ ఆగలేదు.

నా చెయ్యి మాత్రం అలవాటుగా ఇన్‌హేలర్‌తో ముందుకు సాగింది. అందుకునే చెయ్యి లేదు. అన్ని గొంతుల మధ్య నా ఏడుపు ఎవరికీ వినిపించలేదు.

కొంతసేపటికి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇక ఆ హాల్లో నేను కాపలా కాయాల్సిన ఊపిరి లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేనూ కళ్ళు మూసుకున్నాను.