భుజం మీద పొట్టు

తన అక్కకి కంటి ఆపరేషనైతే తోడుగా వెళ్ళిన అత్తయ్య పద్నాలుగో రోజున తిరిగొచ్చింది. సంచీ ఇంట్లో పెట్టి కాళ్ళు కడుక్కుందో లేదో మేనకోడలి దగ్గర్నించి ఫోను.

"ఒకసారి కొట్టుకి రా అత్తయ్యా. మావయ్యకి చెప్పకు."

మావయ్యకి చెప్పకు అన్న మాటతో మొదలైన కబురు ఇంతవరకూ ఒక్కటీ మంచిది కాలేదు. అత్తయ్య చెప్పులేసుకుంది.

మేనకోడలి కాఫీ కొట్టు ఒకప్పుడు దర్జీ షాపు. నాలుగు బల్లలు పడతాయి. ఐదోది వేస్తే కాఫీ కలిపే మనిషి వీధిలో నిలబడాలి. కిటికీ పక్క చెక్క అరలో గోధుమరంగు కాగితం పొట్లాలు వరసగా ఉంటాయి. గింజ ఏ తోటదో, ఏ రోజు వేయించిందో ప్రతి పొట్లం మీదా మావయ్య చేతిరాతలో ఉంటుంది. ఆయన గింజలు వేయించే షెడ్డు అక్కడికి రెండు వీధుల అవతల. కొట్టు తెరిచిన ఆరేళ్ళలో ఇంకొకరి గింజ ఆ అర ఎక్కలేదు.

మేనకోడలు గింజలు తూచి, మరపట్టి, కాగితం గరాటులో పోసింది. సన్నమూతి కెటిల్‌తో వేడినీళ్ళు దారంలా వదిలింది. కప్పు అత్తయ్య ముందు పెట్టి, "నేనేం చెప్పను. తాగి నువ్వే చెప్పు" అంది.

అత్తయ్య ఒక గుక్క తాగింది. నాలుక మీద బూడిద రాసినట్టయింది. ఇంకో గుక్క తాగలేదు.

కిటికీ దగ్గర బల్ల మీంచి అరకప్పు మాస్టారు మెడ తిప్పాడు. రిటైరైన లెక్కల మాస్టారు. రోజూ అరకప్పే అడుగుతాడు, రెండుసార్లు అడుగుతాడు. "ఏమ్మా, నేను నిన్ననే చెప్పాను మీ అమ్మాయికి. ఈ కాఫీ తాగి ఇంటికెళ్తే మా ఆవిడ మాటలు తియ్యగా ఉన్నాయి!" అన్నాడు.

మేనకోడలు నవ్వలేదు. బల్ల కింద నుంచి నల్లటి మెరుపు పొట్లం ఒకటి తీసింది. వేరే ఊళ్ళో వేయించిన గింజ, నమూనాగా వచ్చింది.

"రెండు వారాలుగా ఇదే వరస. రోజూ వచ్చేవాళ్ళలో సగంమంది రావట్లేదు. సోమవారం నుంచి వీళ్ళ గింజ తెప్పిస్తా అత్తయ్యా. మావయ్యకి నువ్వు చెప్పాలి. ఆయన నేర్పిన పనే ఇది. ఆయన మొహం చూసి నేను చెప్పలేను."

అత్తయ్య లేచి అర దగ్గరికి వెళ్ళి పొట్లాల మీద తారీఖులు చదివింది. అన్నీ తను ఊళ్ళో లేని రోజులే. ఆవిడకి అర్థమైంది. నిజానికి మొదటి గుక్కకే అయింది.

కాఫీ గింజ వేగుతూ వేగుతూ ఒక దశలో చిటపటా పేలుతుంది. అక్కడి నుంచి గడియారం చూసి నిమిషన్నరకి దింపాలి. ఆలస్యమైతే మాడుతుంది. పక్కన పిండిమర ఆడుతున్నా ఆ మొదటి చిటుకు మావయ్య చెవిన పడేదని చెప్పుకునేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆ చెవి మందగించింది. ఆయనకి తెలియలేదు. "ఈ మధ్య అందరూ గొణుగుతున్నారేంటే?" అని విసుక్కునేవాడు. టీవీ గోల చూసి అత్తయ్యకి తెలిసింది. చెప్పబోతే, "నీకు చాదస్తం" అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పలేదు. గింజలు వేయించే మిషను పక్కన పీట వేసుకుని పుచ్చు గింజలు ఏరుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. చిటుకు వినపడగానే లేచి ఆయన భుజం మీద పడ్డ పొట్టు దులిపేది. ఆ చెయ్యి తగలగానే ఆయన వంగి, చెవి మిషనుకి దగ్గరగా పెట్టి, "ఆఁ, మొదలైంది" అని గడియారం చూసేవాడు. "సరిగ్గా పనివేళకే నీకు పొట్టు కనపడుతుందేమే!" అని సణిగేవాడు కూడా.

షెడ్డుకి వెళ్ళే దారిలో అత్తయ్య ఇదంతా చెప్పేసరికి మేనకోడలు నడివీధిలో ఆగిపోయింది.

"అయితే మరేం? నువ్వొచ్చేశావుగా! ఎప్పట్లాగే దులుపు. నేను ఆ నల్ల పొట్లం తిప్పి పంపేస్తా. పెద్దాయనకి తెలియడమెందుకు?"

"మా అక్కకి రెండో కన్ను కూడా ఉందమ్మాయ్" అంది అత్తయ్య. "వచ్చే నెల్లో చేస్తారట."

షెడ్డులో మావయ్య గింజలు తూస్తున్నాడు. "ఇద్దరూ కట్టగట్టుకొచ్చారే! ఏంటి విశేషం?" అన్నాడు.

"మీ గింజ ఎలా వేగుతుందో చూస్తానంటోంది" అని అత్తయ్య గట్టిగా చెప్పి పీట మీద కూర్చుంది.

పచ్చి గింజలు మిషనులో పడ్డాయి. మొదట ఎండుగడ్డి వాసన, తర్వాత వేగే వాసన. మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పొట్టు ఎగిరి ఆయన చొక్కా మీద వాలుతోంది. చిట్. మళ్ళీ చిట్, చిట్. మేనకోడలు ముందుకి కదిలింది. అత్తయ్య ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. చిటపటలు జోరందుకున్నాయి. మావయ్య మిషనుకున్న చిన్న అద్దంలోంచి రంగు చూస్తున్నాడు. చిటపటలు తగ్గి ఆగిపోయాయి. పొగ నీలంగా లేచింది. అప్పుడాయన ఉలిక్కిపడి గింజలు పళ్ళెంలోకి దింపాడు.

నల్లగా ఉన్నాయి. నూనె తేలి మెరుస్తున్నాయి. ఆయన రెండు గింజలు నలిపి వాసన చూశాడు. మేనకోడలి మొహం చూశాడు. ఆ తర్వాత పెళ్ళాన్ని చూశాడు.

"ఎప్పుడు పేలింది?"

"మూడు నిమిషాలైంది."

"చెప్పొచ్చుగా?"

"రెండేళ్ళుగా చెప్తూనే ఉన్నానండీ."

ఆయన చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది. పొట్టు దళసరిగా పేరుకుని ఉంది. పళ్ళెం కింద ఫ్యాను తిరుగుతోంది.

"వినికిడి మిషను పెట్టించుకో మావయ్యా" అంది మేనకోడలు, ఆయన చెవికి దగ్గరగా వచ్చి. "సోమవారానికి నాకు గింజ కావాలి. నీదే కావాలి."

"చెవిలో మిషను పెట్టుకుని గింజలు వేయిస్తే ఊరు నవ్వదూ?"

"ఇప్పుడు తాగి ఉమ్ముతున్నారు, అది బాగుందా?" అంది అత్తయ్య.

మావయ్య మాడిన గింజల్ని చెత్తడబ్బాలో కుమ్మరించి, పళ్ళెం తుడిచి, ఇంకో విడత తూచాడు. గింజలు లోపల పోశాక ఆయన గడియారం వైపు తిరిగి, "ఈసారి నోటితో చెప్పు. దొంగచాటు దులుపుళ్ళొద్దు" అన్నాడు.

"నోటితో చెప్తే వినపడదుగా!"

"ఏంటీ?"

అత్తయ్య లేచి పీటని ఆయన పక్కకే జరుపుకుంది, గడియారం ఇద్దరికీ కనపడేలా.