ఎడమవైపు గడ్డ

పొట్టేలును కూలేసి, దాని వీపు నా మోకాళ్లకి ఆనించి కూర్చోబెట్టి, ఎడమ బీజాన్ని పైనుంచి కిందికి తడిమాను. అడుగున బఠాణీ గింజంత గడ్డ. కుడివైపు తడిమాను. నిండుగా, ఉండాల్సినట్టే ఉంది. మళ్లీ ఎడమవైపు. గడ్డే. ఇలాంటి గడ్డ ఉన్న పొట్టేలుతో గొర్రెలు చూడి కట్టకపోవచ్చు.

ఈ వేల్స్ కొండమీదికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లు. మందలోకి వదిలే ముందు పొట్టేళ్ల పళ్లూ గిట్టలూ బీజాలూ నేనే చూస్తాను. సంతలో మెప్పు మాత్రం నా భర్త ఇద్వల్‌ది. "మా కోడలికి మొగుడి మొహం మీద కన్నా పొట్టేళ్ల కిందే చూపెక్కువ" అని అత్తగారు చుట్టాల ముందు అనేది. అందరూ నవ్వేవాళ్లు, ఇద్వల్ కూడా. పోయినేడు ఈ పొట్టేలుకి వదిలిన గొర్రెల్లో ఇరవై చూడి కట్టకపోతే, తప్పంతా నేను పెట్టిన మేతదన్నాడు. నేనూ నమ్మాను. ఆ ఇరవైనీ కబేళాకి పంపాడు. ఒక్కోదాన్నీ లారీ ఎక్కించింది నేనే.

గడ్డ సంగతి చెబితే ఇద్వల్ చెయ్యి పెట్టయినా చూడలేదు. "నీ వేళ్లు కాయలు కాశాయి, ఏది ముట్టుకున్నా గడ్డలాగే ఉంటుంది. ఇంకో గంటలో మెరెరిద్ దీన్ని కొనుక్కోడానికి వస్తోంది. నోరు విప్పకు."

"పశువుల డాక్టర్ని పిలిచి వీర్యం పరీక్ష చేయిద్దాం."

"చేయించి? మన పొట్టేళ్లు పనికిరావని ఊరంతా టముకు వేద్దామా?"

మెరెరిద్ అవతలి కొండమీద ఒక్కతే అరవై గొర్రెల్ని సాకుతోంది. భర్త పోయి ఏడాది. ఉన్న ఒక్క పొట్టేలూ వేసవిలో చచ్చిపోయింది. దీన్ని నమ్ముకుంటే వసంతానికి ఆమె దొడ్లో ఎన్ని పిల్లలుంటాయి?

వచ్చింది. ఇద్వల్ పొట్టేలు వీపు చరిచాడు. "బండరాయిలా ఉంది చూడు. నా మాట మీద తీసుకెళ్లు."

"నువ్వేమంటావు నెరిస్?" అంది ఆమె నా వైపు తిరిగి.

"దానికేం తెలుసు?" అని నవ్వాడు ఇద్వల్.

పొట్టేలు గడ్డం నా చేతిలో ఉంది. వెచ్చటి ఊపిరి మణికట్టుకి తగులుతోంది. మాట్లాడితే ఈ చలికాలమంతా ఆ ఇంట్లో నాకెలా గడుస్తుందో తెలుసు. ఊరుకుంటే ఎలా గడుస్తుందో కూడా తెలుసు. ఇన్నేళ్లూ గడిపాను కదా.

"చెయ్యి ఇటివ్వు" అని మెరెరిద్ వేళ్లు పట్టుకుని ఎడమవైపు అడుగున పెట్టాను.

ఆమె చాలాసేపు తడిమింది. చెయ్యి కోటుకి తుడుచుకుంది. ఇద్వల్ వైపు చూడకుండా, "నీ మేలు మర్చిపోను" అని నాతో అని, ఖాళీ ట్రాలీతోనే వెళ్లిపోయింది.

"మతిపోయిందా నీకు? రేపు సంతలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు ఇద్వల్.

పొట్టేలును విడిగా కట్టేసి, అక్కడే నిలబడి పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాను. మా మిగతా అయిదు పొట్టేళ్లకీ పరీక్ష చేయాలన్నాను.

"ఇద్వల్ గారి భార్యేనాండీ?" అంది అవతలి అమ్మాయి. "ఆయన పేరు మీద రాసుకుంటున్నాను."

"వద్దు" అన్నాను. "నెరిస్ అని రాయండి. రిపోర్టు నాకే ఇవ్వాలి."