మొదట గమనించిన తేదీ

ఆ రెండు వారాలూ నేను అలారం లేకుండానే ఐదింటికి లేచాను. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, బండి స్టార్ట్ చేసి, పక్కన నిలబడి చూసేవాణ్ణి. రాత్రంతా గాలి కారిపోయి ఎడమవైపు కుంగిన ఆ భారీ నల్ల బండి, అడుగున ఏదో గురకపెడుతుండగా మెల్లగా పైకి లేచేది. చక్రం మీద నాలుగు వేళ్ళు పట్టేంత సందు రాగానే ఆపేసి, పైకి వెళ్ళి, అప్పుడే మెలకువ వచ్చినట్టు నటించేవాణ్ణి.

నేను లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరుని. ఇనుప తాడులో నాలుగు పోగులు తెగి కనిపిస్తే చాలు, లిఫ్టు మూయిస్తాను. ఎంత బతిమాలినా వినకుండా 'వాడరాదు' అని ఎర్ర అట్ట కట్టి, సంతకం పెట్టి, తాళం వెంట తెచ్చుకుంటాను. "మీరు మనిషి కాదు సార్" అని ఎవరైనా తిట్టుకుంటే లోలోపల గర్వంగా ఉండేది. ఆ నేనే దొంగలా మెట్లు దిగుతున్నాను.

మా ఆవిడకి వారానికి మూడు రోజులు డయాలిసిస్. ఉదయం ఏడున్నరకల్లా కుర్చీలో ఉండాలి. కొత్త బండి వచ్చాక రెండుసార్లు ఆలస్యమైంది. రెండుసార్లూ ట్రాఫిక్ మీదికి తోశాను. ఇంకొక్కసారి ఆలస్యమైతే పేరు సాయంత్రం వరుసకి మార్చేస్తామని అక్కడి నర్సు చెప్పింది. సాయంత్రం వరుస ఆమె ఒంటికి పడదు. మొదటి నెలలో అలాగే వెళ్ళి రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది.

పదకొండేళ్ళలో ఒక్కనాడూ దారిలో ఆగని చిన్న కారుని ఆమె అన్నకి ఇచ్చేసి, ఈ సెకండ్ హ్యాండ్ రాజసాన్ని ఇంటికి తెచ్చింది నేనే. ఆమె హాయిగా వెనక్కి వాలి కూర్చోవడానికని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అంత ఎత్తున కూర్చుంటే నాకు భయం తగ్గేది. ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు లేచి నిలబడితే, లోపలి యంత్రం కూడా ఆమెతో కాస్త మర్యాదగా ఉంటుందనిపించేది.

"పెళ్ళిళ్ళకీ షికార్లకీ దీన్ని మించింది లేదు సార్," అన్నాడు మెకానిక్, బండి కింద నుంచి బయటికి జరిగి. "రోజూ తిప్పాలంటే మాత్రం వెనకాలే ఇంకో బండి పెట్టుకోవాలి."

"జోకులొద్దు. నడపొచ్చా?"

"బండిని ఎత్తి ఉంచే గాలి సంచి చీలింది. సామాను రావడానికి నెల పడుతుంది. మెల్లగా నడుపుకోండి. నేనైతే మాటివ్వను."

ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

శుక్రవారం ఏడు దాటాక వంతెన ఎక్కాం. సగం దూరం వెళ్ళామో లేదో పసుపు లైటు వెలిగి, గంట మోగింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"రోడ్డు."

"రోడ్డు గంట కొడుతుందా?"

నేను నవ్వబోయాను. ఈలోపే బండి ఎడమకి ఒరిగింది. ఆమె తలుపు పైనున్న పట్టీ పట్టుకుంది. ముంజేతి మీద సూదుల మచ్చల పక్కన నరం ఉబ్బింది. లైటు ఎర్రబడి, తెర మీద 'వెంటనే ఆపండి' అని వచ్చింది. బటన్ నొక్కి ఆ అక్షరాలు చెరిపేశాను. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ చెరిపేశాను. టైము ఏడూ పన్నెండు.

పక్క వరుసలోకి మారదామని అద్దంలోకి చూశాను. రెండు బండ్ల వెనక ఓ చిన్న కారు. కుడి లైటు తెల్లగా, ఎడమది పచ్చగా ఉంది. ఆ కుడి లైటు మార్చింది నేనే.

"మీ అన్నయ్య ఇటెందుకొస్తున్నాడు?"

"ముందు బండి ఆపండి."

"ఇంకెంత, నాలుగు కిలోమీటర్లేగా. లాగించేస్తాను."

ఆమె నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఇదే లిఫ్టయితే నన్ను ఎక్కనిస్తారా?"

ఆ ప్రశ్నకి జవాబు నా చేతులకి తెలుసు. అవి స్టీరింగుని ఎడమకి తిప్పాయి. వంతెన అంచున బండి ఆగింది. వెనకాల హారన్లు మోగుతూనే ఉన్నాయి.

"ఎన్నాళ్ళుగా మన వెనకాల వస్తున్నాడు?"

"మీరు చెప్పులు చేత్తో పట్టుకుని దిగడం మొదలుపెట్టిన మర్నాటి నుంచీ. మన కిటికీ కిందేగా అది గురకపెట్టేది."

"మరి అడగొచ్చుగా."

"మీరే చెప్తారని చూశాను."

ఈలోగా మా బావమరిది వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని దింపాడు. "రా తల్లీ, మన ముసలిది రెడీ. బావా, నువ్వూ వచ్చెయ్. దీన్నెవడూ ఎత్తుకుపోడు. ఎత్తుకుపోయినా సాయంత్రానికి తోసుకొచ్చి అప్పగిస్తాడు."

"దీన్ని వంతెన మీద వదిలేసి ఎలా వస్తాను? మీరు పదండి, టైమవుతోంది."

ఏడూ పదిహేనుకి వాళ్ళు కదిలారు. చిన్న కారు బండ్ల మధ్య సందు చేసుకుని కనుమరుగైంది. బండి లాక్కెళ్ళేవాడికి ఫోన్ చేసి, వంతెన గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా ఎదురుగానే నల్ల బండి ఇంకాస్త కుంగి, చక్రం మీద కూర్చుండిపోయింది. దాన్ని లేపాలని ఈసారి అనిపించలేదు. ఫోన్ మాత్రం చేతిలోంచి దించలేకపోయాను. ఏడున్నర అయింది. ఏడూ ముప్పై మూడుకి మెసేజ్ వచ్చింది.

'టైముకే కూర్చున్నా. సూది పెట్టారు. మీరు ఎండలో నిలబడకండి.'

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. తర్వాత నా బ్యాగులోంచి ఎర్ర అట్ట తీశాను. అందులో ఒక గడి ఉంటుంది: లోపం మొదట గమనించిన తేదీ. ఎవరైనా ఆ గడిలో పాత తేదీ వేస్తే, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని గద్దించేవాణ్ణి. పెన్ను మూత తీసి, పద్నాలుగు రోజులు వెనక్కి వెళ్ళి, ఆ తేదీ వేసి సంతకం పెట్టాను.

అట్టని స్టీరింగుకి కట్టాను. దాని అడుగు ముక్క లిఫ్టు వాడే మనిషికి ఇవ్వాలని మా నియమం. చించి, జేబులో పెట్టుకుని, బండిని లాక్కెళ్ళగానే ఆసుపత్రివైపు నడవడం మొదలుపెట్టాను.